పేరు లేని మోటరుతో గోదావరి దాకా

జనగామలో నాది మోటర్లు వైండింగు చేసే దుకాణం. బోరు మోటరు కాలిపోతే లోపలి రాగి తీగ తీసేసి కొత్తది చుట్టి ఇవ్వడం నా పని. అందువల్ల మా అత్తగారి ఊరు గార్లలో ‘మోటరు’ అన్న మాట దేనికి తగిలినా దానికి నేనే జవాబు చెప్పాలని ఒక నమ్మకం ఉంది. ఈ ప్రయాణానికి ఆ నమ్మకమే కారణం.

చలికాలంలో ఒకరోజు మా బామ్మర్ది శ్రీనివాస్ ఫోన్ చేశాడు. పాత కొట్టం విప్పుతుంటే అటక మీద ఏదో యంత్రం దొరికిందట. అదేమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. పాత ఇనుపసామాన్ల వాడికి వేద్దామంటే మా అత్తమ్మ నర్సమ్మ దాని మీద చెయ్యి వేయనివ్వడం లేదు.

“అల్లుడొచ్చి చూడాలె అంటున్నది బావా. నువ్వొచ్చి గిదేందో ఒక్క మాట చెప్పిపో. రెండు రోజులసంది ఇంట్ల గిదే లొల్లి” అన్నాడు. ఫోటో కూడా పంపాడు. చూశాను. నాకేమీ అర్థం కాలేదు. వస్తున్నానని చెప్పాను.

మర్నాడు పొద్దున జనగామలో ప్యాసింజరు ఎక్కాను. ఏడున్నరకు రావలసిన బండి ఎనిమిది దాటాక వచ్చింది. కాజీపేటలో దిగి టీ తాగి, ఇడ్లీ తిని, మళ్లీ ఎక్కి కూర్చున్నా కదలలేదు. వరంగల్‌లో నా ఎదుట ఒక మిర్చి వ్యాపారి, ఆయన పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఊసుపోక ఫోటో చూపించాను. అది నేను చేసిన పొరపాటు.

“చేన్ల మందు కొట్టే మిషన్. పాత మాడల్” అన్నాడు వ్యాపారి.

“కాదన్నా. గోలీసోడా పట్టే మిషన్. మా తాతకాడ సేమ్ గిట్లాంటిదే ఉండె” అంది ఒకామె.

నేను ఏమీ అనకుండా కిటికీలోంచి చూస్తున్నాను. నా మౌనాన్ని వాళ్లు పరిజ్ఞానం అనుకున్నారు. మహబూబాబాద్‌లో, అంటే వాళ్ల మాటలో మానుకోటలో, దిగిపోతూ వ్యాపారి తన నంబరు నా ఫోన్‌లో ఎక్కించి మరీ వెళ్లాడు. “తేలినంక ఒక ఫోన్ కొట్టన్నా. లేకుంటె నాకు నిద్ర పట్టది” అన్నాడు.

మధ్యాహ్నానికి గార్ల చేరాను. యంత్రాన్ని వాకిట్లో గోనెసంచి మీద పడుకోబెట్టి ఉంచారు. పైన ఇనుప చక్రం, దాని వెనక ఇత్తడి డబ్బా, కింద బారెడు గొట్టం, గొట్టం చివర చేప తల లాంటి ఇనుప ముద్ద, అందులోంచి బయటికి వచ్చిన వేలెడు కడ్డీ. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. పేరు రేకు ఉండాల్సిన చోట రెండు రివెట్ల తొర్రలు మాత్రం ఉన్నాయి. చుట్టూ పదిమంది నా నోటి వంక చూస్తున్నారు. “అన్నం తిన్నాక చూద్దాం” అన్నాను.

అన్నం వడ్డిస్తూ అత్తమ్మ దాని కథ చెప్పింది.

“మీ మామ ఎడ్లు కొంటనని గోదారి దిక్కు పోయిండు. మా పెండ్లయిన కొత్తల. ఎడ్లు రాలే, గిది వచ్చింది. ‘మోటరు. నీళ్లల్ల పెడితె ఇగ ఆగదు’ అన్నడట అమ్మినోడు. తాళ్లు కట్టి బాయిల దింపినం. దడదడలాడింది, పొగొచ్చింది. చెంబెడు నీళ్లు పైకి రాలే. ఊరంత నిలబడి జూసింది. ఆ దినంసంది ఆయన పేరు మోటర్ మల్లారెడ్డి. సచ్చేదాక గదే పేరు.”

“వాడు మోసం చేసిండన్నట్టు” అన్నాను.

“గది తెల్వకనే నిన్ను పిలిచిన. ఆయన మోసపోయిండా, లేకుంటె మాకే దాని సంగతి తెల్వలేదా, గది తేలాలె. ముప్పై ఏండ్లు తిట్టిన ఆయనను. తప్పుంటె తప్పు, ఒప్పుంటె ఒప్పు.”

నేను కంచంలోకి తల వంచుకున్నాను. అప్పుడు కనిపించింది. అన్నం గిన్నె కింద కుదురుగా పెట్టింది గడ్డి చుట్ట కాదు, మూడు రెక్కల ఇత్తడి ముక్క. మధ్యలో తొర్ర. నేను గిన్నె పైకెత్తాను. ఇంకా అన్నం కావాలనుకుని అత్తమ్మ గరిటె అందుకుంది. నేను ఇత్తడి ముక్క పట్టుకుని చేయి కడగకుండానే వాకిట్లోకి వెళ్లి, ఆ వేలెడు కడ్డీకి తొడిగాను. చక్కగా పట్టింది; ఎప్పుడో ఊడితే వంటింట్లో కుదురైందన్నమాట. తిప్పితే గిర్రున తిరిగింది.

“అత్తమ్మా, ఇది నీళ్లు తోడేది కాదు. పడవ మోటరు. పడవ వెనక బిగిస్తే నీళ్లను వెనక్కి తోసి పడవను ముందుకు నడుపుతుంది.”

పదిమందీ ఇత్తడి రెక్కల వంక చూశారు. మొదట తేరుకున్నది అత్తమ్మే. “నడుస్తదా?” అంది.

ఒక్క మాట చెప్పి వెళ్లిపోదామని వచ్చినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్న నన్ను మరో మూడు రోజులు తిప్పింది.

భూపాలపల్లిలో నాకు కరీం భాయ్ అని ఒక స్నేహితుడున్నాడు. బొగ్గు గనిలో పంపుల ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. క్వార్టరు వెనక పాత ఇంజన్లు పోగేసుకోవడం ఆయన వ్యసనం. ఆయన దగ్గరికే వెళ్దామని మర్నాడు బయలుదేరాను. అత్తమ్మ తానూ వస్తానంది. మోటరును దుప్పట్లో చుట్టి తాళ్లు కట్టింది. వరంగల్ దాకా రైలు, హనుమకొండ నుంచి బస్సు. దుప్పట్లోంచి పొడుగ్గా బయటికొచ్చిన గొట్టాన్ని చూసి బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చింది.

“పాపం, కాలిరిగిందా? ఏ దవాఖానకు తీస్కపోతున్రు?” అంది నాతో మెల్లగా.

“భూపాలపల్లికి” అంది అత్తమ్మ. ఆమె అబద్ధమాడలేదు. కండక్టరు మాత్రం దుప్పటి తడిమి చూసి లగేజీ టికెట్టు కొట్టాడు. పరకాల దాటేదాకా ఆవిడ రోగి తల ఎటువైపుందో వెతుకుతూనే ఉంది.

కరీం భాయ్ మోటరును చూడగానే, “జపాన్ మాల్. కళ్లు మూసుకుని చెప్తున్న” అన్నాడు. కళ్లు తెరిచాక ఆయన మిల్లీమీటర్ల పానాలు ఒక్కటీ దానికి పట్టలేదు. అంగుళాల పానాలు పట్టాయి. “అయితే మిలిట్రీ మాల్” అన్నాడు. పాత ఇంజన్ల పిచ్చివాళ్ల గ్రూపొకటి ఆయన ఫోన్‌లో ఉంది. అందులో ఫోటోలు పెట్టాడు. సాయంత్రానికి తేలిందేమంటే: ఇంగ్లండులో చేసింది, డెబ్బై ఏళ్ల కిందటిది కావచ్చు, పైన మూత లేని చక్రానికి తాడు చుట్టి లాగడమే దాని గుర్తు. కంపెనీ పేరు మాత్రం ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదని విన్నాను.

చక్రం ఊడదీశాక నాకు ప్రాణం లేచివచ్చింది. దాని కింద అయస్కాంతాలు, పక్కనే కాలిపోయిన రాగి తీగ చుట్ట. నిప్పురవ్వ పుట్టేది అక్కడే. ఇంత దూరం వచ్చాక నాకు తెలిసిన వస్తువు ఒకటి కనబడింది. బజార్లో నాలాంటి వైండింగు దుకాణమే చూసుకుని, ఆ దుకాణదారు ఇచ్చిన స్టూలు మీద కూర్చుని, మర్నాడంతా చుట్టాను. అత్తమ్మ కరీం భాయ్ భార్యతో కలిసి కిచిడీ, దానిలోకి చింతపండు ఖట్టా వండింది. రెండు పూటలా అదే తిన్నాం. నాకు ఫిర్యాదు లేదు.

ఆ పైరోజు పొద్దున కాటారం మీదుగా కాళేశ్వరం బస్సు. కరీం భాయ్ కూడా మాతో ఎక్కాడు. కాటారంలో మిర్చి బజ్జీలు తిన్నాం, పెట్రోలు కొన్నాం. కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున పోశం అనే పడవాయన తన పడవ వెనక పలకకు మోటరు బిగించుకోనిచ్చాడు. “నడిస్తె నాకు అమ్ముతవా అవ్వా?” అని ముందే అడిగాడు. “నడవనియ్యి ముందుగాల” అంది అత్తమ్మ.

పడవలో ముందు అత్తమ్మ, మధ్యలో తెడ్డుతో పోశం, వెనక నేను. కరీం భాయ్ ప్యాంటు మడిచి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి తాడు లాగే బాధ్యత తీసుకున్నాడు. లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు. తుమ్మింది. ఒడ్డున జనం పోగయ్యారు. అత్తమ్మ వాళ్ల వంక ఒకసారి చూసి కొంగు బిగించుకుంది. పూర్వం ఒకసారి ఊరంతా ఇలాగే నిలబడి చూసిందని నాకప్పుడు గుర్తొచ్చింది.

కరీం భాయ్ మూడోసారి లాగాడు. మోటరు ఒక్కసారిగా అందుకుంది.

ఇలాంటి పాత మోటర్లకు గేరు ఉండదని, అంటుకున్న క్షణాన్నే పరుగు మొదలవుతుందని మాకెవరికీ తెలియదు. కరీం భాయ్ చేతిలో తాడుతో నీళ్లలోనే మిగిలిపోయాడు. పడవ నది మధ్యకు దూసుకుపోయింది. నేను పిడిని కుడికి తిప్పితే అది ఎడమకు పోయింది. ఎడమకు తిప్పితే మళ్లీ కరీం భాయ్ మీదికే వచ్చింది. ఆయన నీళ్లలో అంత వేగంగా నడవగలడని నేననుకోలేదు.

“అన్నా, ఆపు” అన్నాడు పోశం.

“ఎట్లనో తెల్వది” అన్నాను.

ఇసుక దిబ్బ చుట్టూ తిరుగుతున్నాం. చివరికి డబ్బా కింద పెట్రోలు కుళాయి చేతికి తగిలింది, కట్టేశాను. కట్టినా మరో రెండు చుట్లు తిప్పి గాని అది ఊరుకోలేదు. అప్పుడు వినబడింది, అత్తమ్మ నవ్వు. ఇటు తిరిగింది. ముఖమంతా నీళ్లు. చాలాసేపు నవ్వి కళ్లు తుడుచుకుంది.

“గింత పరుగు దీనికి” అంది. “మేం బాయిల పెడితిమి. పాపం, గిది యాడికి పోతది అల్లుడా?”

పోశం తెడ్డు వేసి మెల్లగా ఒడ్డుకు చేర్చాడు. దిగగానే బేరం మొదలుపెట్టాడు. అత్తమ్మ మోటరును కొంగుతో తుడిచి, దుప్పట్లో చుట్టి, “అమ్మేది లేదు బిడ్డా. గిది మా ఇంటాయన తెచ్చింది” అని చెప్పి బస్సు వైపు నడిచింది.

ఈ దారిన వెళ్లాలనుకునే వారికి: కాళేశ్వరం నుంచి మధ్యాహ్నం బయలుదేరినా చీకటి పడకముందే వరంగల్ చేరవచ్చు. కాటారం దాటాక రోడ్డు పక్క అడవి, వరి కోతలు అయిన పొలాలు చూడటానికి బాగుంటాయి. కిటికీ పక్క సీటు ముందే చూసుకోండి. మాకు దొరికిన ఆ ఒక్క సీటులో మోటరు కూర్చుంది. తేలగానే చెప్పమన్నాడు గనుక మానుకోట వ్యాపారికి ఫోన్ చేశాను. పడవ మోటరంటే ఆయన నమ్మలేదు.

నాలుగు రోజుల తిరుగుడు తర్వాత నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. మా మామ ఎడ్ల బదులు మంచి సరుకే తెచ్చాడు, నదిని తేలేకపోయాడు. ఆ మాటే బస్సులో అత్తమ్మతో అన్నాను. ఆమె మోటరు మీది దుప్పటి సర్దింది. పరకాల దగ్గర, “తెలివిగల్లోడే. జర తొందర పడ్డడు, గంతె” అంది.

వరంగల్ స్టేషన్లో ఆమెను గార్ల రైలెక్కించాను. మోటరును కాళ్ల దగ్గర పెట్టుకుని కిటికీలోంచి నన్ను పిలిచింది.

“అల్లుడా, శ్రీనుకు ఫోన్ చెయ్యి. మా చెరువుల గిప్పుడు నీళ్లెంతున్నయో కనుక్కోమను.”

ఫోన్ చేసి చెప్పాను. “మరి పడవేది బావా?” అన్నాడు అవతల నా బామ్మర్ది.