హస్మిక్ ఆంటీ కొన్న రెండో మూర

మల్లెలు ఎక్కడ గుప్పుమన్నా నాకు గల్ఫ్‌లో, ఫుజైరాలో నాన్న పెట్టిన పూలకొట్టే గుర్తొస్తుంది. ఓ శుక్రవారం ఇండియా నుంచి పూలు దిగగానే, మా పై అంతస్తులో కొత్తగా చేరిన ఆర్మేనియా ఆవిడ వచ్చి, వచ్చీరాని హిందీలో అమ్మతో అంది:

"నా పేరు హస్మిక్. మా భాషలో మల్లె అని అర్థం. మా నానమ్మ పేరే నాకు పెట్టారు. మా కొండల చలికి ఇది పూయదు. నానమ్మా నేనూ ఇద్దరం ఎప్పుడూ చూడలేదు."

అంత చిన్నప్పుడే పెద్ద వ్యాపారస్తురాలిని కదా, బేరానికి ఎత్తుగడ అనుకున్నాను. "మా నానమ్మ పేరు బంగారమ్మ, ఆంటీ. గోల్డ్ సూక్‌ కొట్లలో నాకు బంగారం ఊరికే ఇస్తారా?"

"నోర్ముయ్యవే!" అంది అమ్మ.

ఆవిడ నవ్వేసి, మూర పూలు ముఖానికి ఆనించుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత, "ఇంకో మూర ఇవ్వండి. నానమ్మకి," అంది.

ఆ నానమ్మ ఏనాడో పోయిందని తెలియక, పూలు పెట్టుకుని ఎప్పుడు దిగొస్తుందా అని ఎన్ని సాయంత్రాలు మెట్లవైపు చూశానో!