ఏలియా కత్తి

శ్రీకాకుళంలో మా వీధికి అప్పుడప్పుడు కత్తులు సానపట్టే మనిషి వస్తాడు. సైకిలుకి స్టాండు వేసి పెడల్ తొక్కుతుంటే, తిరిగే రాయికి ఇనుము తగిలి కాలిన వాసన లేస్తుంది. మొన్న ఉదయం ఆ వాసన వంటింట్లోకి వచ్చేసరికి కూర తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. యోహాను మేస్త్రి గారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఐ.టి.ఐ. పూర్తిచేసి గరివిడిలో ఒక చిన్న వర్క్‌షాపులో చేరినప్పుడు అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. నాకు టీ గ్లాసులు కడిగే పని చెప్పాలో, ఏదైనా పనిముట్టు ఇవ్వాలో మిగతావాళ్లకి తెలియలేదు. హెడ్ మేస్త్రి యోహాను గారే నా చేతిలో ఆకురాయి పెట్టి, ఒక ఇనపముక్క చూపించి, "దీన్ని సదునుగా తియ్యమ్మా" అన్నారు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చిలో కూడా పెదవి కదపకుండా పాడేవారని ఆయన భార్య మార్తమ్మ గారు నవ్వేవారు. నా పనిని ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు. వెలుతురుకి ఎత్తి చూసి "మళ్లీ" అనేవారు. ఆ ఒక్క మాటకి ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకున్నానో!

ఆయన పెట్టె అడుగున నూనెగుడ్డలో చుట్టిన ఒక వేటకత్తి ఉండేది. జానెడున్నర పొడవు, చింతకర్ర పిడి. శనివారం భోజనాలయ్యాక దాన్ని తీసి రాయి మీద రుద్దేవారు. ఎంత రుద్దినా రాయి జారిపోయేదే తప్ప ఇనుము అరిగేది కాదు. ఒకరోజు చూడలేక, "గ్రైండరుకి పెడితే రెండు నిమిషాల పని కదా మేస్త్రి గారూ" అన్నాను.

"వేడెక్కితే ఇనుము సచ్చిపోతాది. సేత్తోనే తియ్యాల."

"ఎవరిది?"

"మా తమ్ముడిది" అని గుడ్డ చుట్టేశారు.

మిగతాది ఒక వానాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయి మిషన్లన్నీ ఆగినప్పుడు చెప్పారు. తమ్ముడు ఏలియా గజపతినగరం అవతల సొంతూళ్లో వ్యవసాయం చేసేవాడు. అడవిపందులు మొక్కజొన్న చేలు తొక్కేస్తుంటే ఊరివాళ్లు వలలు కట్టేవారు. ఏలియా వచ్చి, తన చేతికి సరిపడేలా కత్తి చేసిపెట్టమని అన్నని అడిగాడు. లారీ కమాను పట్టీ కాల్చి, సాగదీసి, ఈయనే చేశారు. ఇనుము మరీ గట్టిపడింది. అంచు మందంగా ఉండిపోయింది. పదును పెట్టబోతే రాయి పట్టలేదు. అవతల వర్క్‌షాపులో పని తొందర. తమ్ముడు బస్సుకి నిలబడి ఉన్నాడు.

"వాడతా వాడతా అదే పదునెక్కుతాదిలేరా, అట్టుకెళ్లిపో అన్నాను" అన్నారాయన, బయట వానని చూస్తూ. "ఆడు నా మాట నమ్మినాడు."

పది రోజులకి వలలో పంది పడింది. దానితోపాటు ఏలియా కుక్క కూడా చిక్కుకుంది. కుక్కని విడిపించడానికి ఏలియా వంగి వల తాడు కోశాడు. తాడు తెగలేదు. రెండోసారి కోశాడు. మూడోసారికి పంది తిరగబడి తొడ చీల్చేసింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కత్తి ఇంకా చేతిలోనే ఉందని పక్కనున్నవాళ్లు చెప్పారట.

నా పనికి ఆయన "మళ్లీ" అని ఎందుకనేవారో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఆ మాటకి నేనెప్పుడూ ఏడవలేదు.

కొన్నేళ్లకి షుగరు ఆయన చూపు తినేసింది. పని మానేశారు. ఒకరోజు కబురుపెడితే ఇంటికి వెళ్లాను. నూనెగుడ్డ మూట నా ఒళ్లో పెట్టి, "నాకింక కనబడతన్నాది కాదు. నువ్వు తియ్యమ్మా" అన్నారు. ఏడు ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చుని తీశాను. కొత్తగా కొన్న గరుకురాయి మీద మందమంతా అరగదీసి, తర్వాత నున్నటి రాయి పట్టాను. వేళ్లు బొబ్బలెక్కేవి. ఆయన పక్కన కూర్చుని చప్పుడు వినేవారు. "ఒత్తకు. దాని దారిన దాన్ని రానీ" అనేవారు.

ఏడో ఆదివారం మార్తమ్మ గారు నైలాన్ తాడు తెచ్చి రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. కత్తి ఆనించి ఒక్కసారి లాగాను. తెగిపోయింది. ఆయన తెగిన కొసలు రెండూ అడిగి తీసుకుని వేళ్లతో తడిమి చూశారు.

"ఆ రోజు ఇలాగుంటే మావోడు బతికుండేవోడేటి?"

"అలా అనుకోకండి మేస్త్రి గారూ. పంది అంత దగ్గరకొచ్చాక ఏ కత్తైనా ఏం చేస్తుంది?" అన్నాను వెంటనే.

ఆయన తల నావైపు తిప్పారు. "ఎంత తొందరగా సెప్పేసినావమ్మా" అన్నారు. కోపంగా కాదు. లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మార్తమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ నెలలోనే ఆయన పోయారు. మళ్లీ వెళ్లి ఆయన్ని చూడలేకపోయాను.

ఇన్నేళ్లు గడిచినా ఆ ప్రశ్నకి సమాధానం వెతుకుతూనే ఉన్నాను. బతికుండేవాడేమో. ఆ మాట అనే ధైర్యం లేక, ఆయన బాధ నేను చూడలేక, ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాకు తెలియదని చెప్పి, ఇంకాసేపు ఆయన పక్కనే కూర్చోవలసింది.