వదిన జ్వరం, నేను తిప్పని పేజీ

ఇది నా నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీకి కూడా. మా ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారికే వదిన ఆసుపత్రి పాలైంది.

కూరలో ఉప్పు లేకపోతే మౌనంగా తినేసి, ఆ మాట డైరీలో రాసుకునే రకాన్ని నేను. హిందీ మాట్లాడే ఊళ్లో, మోవా అనే పేటలో ఇల్లు, నాన్న రైల్వేలో గార్డు. ఆ వానాకాలం అన్నయ్యకి ఫ్లూ పట్టింది. ముక్కు కారితేనే వీలునామా రాసే మనిషి, ఇక జ్వరమొస్తే ఊరుకుంటాడా?

"అమ్మా, నేనింక బతకనే!" బిలాస్‌పూర్ రోడ్డు మీద లారీ హారన్‌లా ఒకటే మూలుగు.

వదినకి ఆరో నెల. అమ్మ ఆమె బట్టలు సర్దుతోంది. "తిల్దాలో మీ అమ్మ దగ్గర నాలుగు రోజులుండు తల్లీ. వీడి జ్వరం నీకంటుకుంటే ముష్కిల్."

"మరి ఈయన్నెవరు చూస్తారత్తయ్యా?"

అప్పుడు నా ఒళ్లో లైబ్రరీ పుస్తకం ఉంది. మగవాళ్ల హార్మోను రోగాలతో పోరాడే శక్తిని కాస్త అణుస్తుందట. ఆడవాళ్ల ఈస్ట్రోజన్ దాన్ని ఎగదోస్తుందట. పండగకి పెద్ద లడ్డూ ఎప్పుడూ అన్నయ్యకే దక్కే ఇల్లు మాది. ఆ పేజీ అయ్యేసరికి నా ఛాతీ ఉప్పొంగిపోయింది. చదివింది చాలనుకుని, బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి, పుస్తకం మూసి లేచాను.

"వదిన వెళ్లక్కర్లేదు! ఆడవాళ్ల ఒంట్లోనే కాపలా ఉంది. ఈ జ్వరాలు పడగొట్టేది మగవాళ్లనే. సైన్సు!"

అన్నయ్య మూలుగు కూడా ఆగిపోయింది.

"అరే, దీనికి నోరుందే!" అన్నారు నాన్న.

"ఎన్నడూ పలకని పిల్ల పలికిందంటే పక్కా మాటే," అంటూ అమ్మ సంచీలోంచి చీరలు తీసేసింది.

చూశారా, రోజూ వాగే అలవాటుంటే ఎవరూ నమ్మేవారు కాదు!

మూడో రోజుకి అన్నయ్య లేచి కూర్చుని సమోసాలడిగాడు. ఈసారి వదిన జ్వరంతో మంచాన పడింది. దగ్గుకి మంచం కదిలింది.

శంకర్ నగర్‌లో డాక్టరమ్మ వెంటనే చేర్చుకున్నారు. అమ్మ తన రైల్వే హిందీలో నా సైన్సంతా ఆవిడకి అప్పజెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"ఆధా పఢీ హో క్యా? సగమే చదివావా? కడుపుతో ఉంటే ఆ హార్మోన్ల లెక్కే మారిపోతుంది. బిడ్డను పరాయిదని తరమకుండా ఒళ్లు సర్దుకుంటుంది. అప్పుడు ఫ్లూ ఇంకా గట్టిగా పడుతుంది. త్వరగానే తెచ్చారు, మందు మొదలెట్టాం. రేపు చూద్దాం."

బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పాను. మొదటి మాటే: "అయితే, గర్భిణుల్లో..."

మర్నాడు జ్వరం దిగింది. బిడ్డ గుండె గుర్రంలా పరిగెడుతోందన్నారు డాక్టరమ్మ. నాకేమో ఏడుపాగలేదు. వదిన నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, బస్సు టికెట్టున్న చోట తెరిచి, పేజీ తిప్పి చదివింది. నావైపు చూసింది. అంతా అర్థమైపోయింది. ఆ హెచ్చరిక పక్క పేజీలోనే ఉందని ఈనాటికీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మహాతల్లి.

అందుచేత పాఠకులారా, ఆ బస్సు టికెట్టు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: 'అయితే' అన్న మాట ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోకుండా ఈ జన్మలో నోరు తెరవను.

నా మేనకోడలికిప్పుడు నాలుగేళ్లు. మొన్న అది తుమ్మింది. నేను ఉత్సాహంగా, "వదినా, ఈ తుమ్ములకి అసలు కారణం..." అని మొదలెట్టాను.

వదిన చెయ్యెత్తి ఆపింది.

"ముందిది చెప్పు పద్మా. పేజీ తిప్పావా?"