బూజుకు నోరెక్కడుంది?

తుల్సీరాం సారుకు బూజు కనిపిస్తే చాలు, తుమ్ము వచ్చినట్టు పాఠం వచ్చేస్తుంది. ఆపుకోలేరు. ములకలపల్లి ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. పక్క కాలేజీలో ఆయన బోటనీ లెక్చరర్. వానాకాలం మా ఊళ్లో గోడా, చెప్పూ, ఊరగాయా అన్నీ బూజు పడతాయి. నా అలసట ఎంతో మీరే ఊహించుకోండి.

ఓసారి మీటింగుకని భద్రాచలం బస్సెక్కాం. నిలబడటానికి కూడా చోటు లేదు. మా క్లర్కు అనిల్‌కుమార్ మెడ మీద తామర. పాపం, ఎవరూ చూడకుండా గోక్కుంటున్నాడు.

"గోకకు అనిల్‌కుమార్! అది తింటున్నది," అన్నారు సార్, డ్రైవర్‌కు కూడా వినపడేలా.

"ఏం తింటున్నది సార్?"

"నీ తోలు! తామర గూడ బూజు జాతిదే. దానికి నోరు లేదు, కడుపు లేదు. మనం మింగినంక అరిగించుకుంటం. అది బయటనే రసం వదిలి, కరిగించి, పీల్చుకుంటది."

క్షణంలో అనిల్‌కుమార్ చుట్టూ మంచం వేసేంత జాగా అయింది.

మొన్నటి ముసురులో వాగు పొంగి హాస్టల్‌కు గ్యాస్ బండి రాలేదు. పొద్దున టిఫిన్‌కు బ్రెడ్డే దిక్కు. రాత్రంతా జ్వరం పిల్లల దగ్గర కూర్చుని నడుం పడిపోయి, తెల్లారగట్ల కునుకు తీసిన నేను భోజనాల గదిలోకి వెళ్లేసరికి, బ్రెడ్డు నిండా పచ్చ మచ్చలు. దాని పక్కనే తుల్సీరాం సార్! నాకు ఏడుపొక్కటే తక్కువ.

"యశోదా, మచ్చలు గీకేసి పెట్టెయ్," అన్నాను వంటామెతో నీరసంగా.

"వద్దు మేడం! పైన కనిపించేది దాని విత్తనాల వంటిది. ఒళ్లంతా లోపలున్నది, సన్న దారాలు!" సార్ బ్రెడ్డు తుంచి, పిల్లలకు భూతద్దం ఇచ్చారు.

"దారాలెందుకు సార్?" అంది పిల్లల్లోంచి భార్గవి.

"సన్నగ, కొమ్మలు కొమ్మలుగ ఉంటే ఎక్కువ తిండిని తాకుతది. ఎంత తాకితే అంత పీల్చుకుంటది."

"మరి నడవకుండనే తిండి కాడికెట్ల పోతది?"

"కొసలు పెరుగుకుంట పోతది. లేవుండ్రి, మీరే దారాలు!"

పిల్లలు చేతులు పట్టుకుని గదంతా అల్లుకుపోయారు. కిటికీల దాకా కొమ్మలు వేశారు. ఒకటే నవ్వులు.

"సార్, పిల్లలు ఆకలితో ఉన్నారు," అన్నాను.

"ఒక్క నిమిషం మేడం."

ఆ నిమిషం అలా సాగుతూనే ఉంది. ఇంతలో బయట ఆటో హారన్ మోగింది. సార్ మాట సగంలో ఆపేశారు! అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్లో హోటల్ నడిపే జానీ మియా పొగలు కక్కే ఇడ్లీల గంజు దించుతూ, "తెల్లారకముందే లేపిండమ్మా సార్, జల్దీ తెమ్మని ఒకటే ఫోన్లు," అన్నాడు.

నేను యశోద వైపు చూశాను.

"బ్రెడ్డు పాడైందని నేనే సార్‌కు చెప్పిన మేడం. మీరు నిద్ర లేక ఉన్నరని మిమ్మల్ని లేపొద్దన్నడు. ఇడ్లీలు వచ్చేదాంక పిల్లలకు ఆకలి యాదికి రావద్దని పాఠం గంతసేపు గుంజిండు."

ఆయనకు ప్లేట్లో ఇడ్లీలు పెట్టిచ్చాను. సార్ ఒకటి తుంచి, వెలుగుకు పట్టి చూశారు.

"మేడం, పిండి పులిసినప్పుడు దాంట్ల ఈస్ట్ గూడ ఉంటది. అదీ బూజు జాతిదే, కానీ దానికి దారాలుండయ్. ఎందుకంటే..."

నేను కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పండి సార్," అన్నాను.