నవత నేర్పిన జవాబు

బన్సీలాల్‌పేట్‌లోని ఆ నర్సింగ్ హోములో డాక్టర్లు ఎంతమంది ఉన్నా, లోపలికి వచ్చినవాళ్ళు ముందు వెతుక్కునేది నవతనే. మందుల షాపు పక్కన అద్దం వెనక కూర్చుంటుంది. ఇన్సూరెన్సు కౌంటర్ అంటారు దాన్ని. డాక్టరు గిలికిన నాలుగు ముక్కలు చదివి, రోగికి చేసే వైద్యానికి సరిపడే కోడ్ నంబరు వెతికి, ఇన్సూరెన్సు కంపెనీకి పంపి, వాళ్ళ చేత సరే అనిపించడం ఆమె పని. మూత్రం ఆగిపోయి వచ్చిన మనిషికి సన్న సూదితో లాగి వదిలేస్తే ఒక కోడ్. పొత్తికడుపు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడితే ఇంకో కోడ్. రెండూ చిన్న ప్రొసీజర్ల కిందే వస్తాయి. భయపడుతూ అడిగినవాళ్ళకి నవత కూడా అదే చెప్పేది, చిన్నదే, ఊరికే పరేషాన్ కావద్దని. ఎవరికి చిన్నదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అద్దం ఇవతల కూర్చున్నవాళ్ళకు అన్నీ చిన్నవే.

ఆమె పుట్టిందీ పెరిగిందీ చిలకలగూడలో. డిగ్రీ కాగానే అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని, అమెరికా రోగుల కేసులు చదివే ఆఫీసులో చేరింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషుల కిడ్నీలూ, మూత్రాశయాలూ, వాటిలో పెట్టిన గొట్టాలూ, టీ తాగుతూ చదివి కోడ్‌లు వేసేది. ఒకరోజు ఆ ప్రాజెక్టు పోయింది, దాంతోపాటు ఉద్యోగమూ పోయింది. భర్త హరికిషన్ పార్శిల్ ఆఫీసు జీతంతో ఇల్లు ఈడ్చుకొస్తుంటే, తెలిసినవాళ్ళను పట్టుకుని ఈ కౌంటర్లో చేరింది.

చేరిన కొత్తలోనే ఒక సంగతి బోధపడింది. కంపెనీ వాడు ఫైలు వెనక్కి కొట్టి ప్రశ్న వేశాడా, ఇక ఆ పూట అయిపోయినట్టే. రోగి మూలుగుతుంటాడు, చుట్టాలు అద్దం మీద పడతారు, మేనేజరు ఐజాక్ వెనక నిలబడి ఊపిరి మెడకు తగిలేట్టు నిట్టూరుస్తాడు. ప్రశ్నలన్నీ పాత జబ్బుల దగ్గరే పుడతాయి. బీపీ ఎప్పటినుంచి, షుగరు ఎప్పటినుంచి, పాలసీకి ముందా తర్వాతా. అందుకని నవత అడ్డదారి కనిపెట్టింది. పాత జబ్బులు అన్నచోట ఏమీ లేవని రాసేది. రోగికీ అదే నేర్పేది. పక్క నర్సింగ్ హోముల్లో చేసేదీ అదేనని విన్నది కూడా. ఇదంతా మోసమని ఆమెకు తోచనే లేదు. పాపం, కష్టంలో ఉన్నవాళ్ళకు సాయం చేస్తున్నాననీ, పుణ్యం కట్టుకుంటున్నాననీ అనుకునేది. నవత చెయ్యి పడితే కేసు పాసేనని పేరొచ్చింది. పేరొచ్చాక మనిషి ఆగుతుందా?

ఆ రోజు అల్వాల్ నుంచి సదాశివను తీసుకొచ్చారు. దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే షాపు నడిపి, చూపు తగ్గాక మానేసిన పెద్దాయన. వెంట భార్య బాలమ్మ తప్ప ఎవరూ లేరు. ముందురోజు నుంచి మూత్రం రాక కడుపు గట్టిపడిపోయింది. కింద నుంచి గొట్టం వెయ్యబోతే దిగలేదు. యూరాలజీ డాక్టరు రామభద్రరావు చూసి, పొత్తికడుపులోంచి గొట్టం పెట్టాల్సిందేనన్నాడు. చక్రాల కుర్చీలో మెలికలు తిరుగుతూనే సదాశివ నవత అడిగినవాటికి జవాబులు చెప్పాడు. మొన్నటేడు చేతి నరంలోంచి పోయి గుండెలో స్టెంట్ వేశారనీ, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నాననీ చెప్పాడు.

నవత చేతిలో పెన్ను ఆగింది. వంగి మెల్లగా చెప్పింది.

"పెద్దనాయినా, ఆ గుండె ముచ్చట ఈడ తియ్యకు. ఎవరడిగినా ఏ బీమారీ లేదనే చెప్పు. లేకుంటే కంపెనోడు అడ్డం పడతడు, నువ్వు గిట్లనే తక్లీఫ్ పడుకుంట కూసోవాలె."

"గట్లనే బిడ్డా. నువ్వెట్ల చెప్తే గట్ల," అన్నాడాయన.

గొట్టం పెట్టే కోడ్ వేసి, పాత జబ్బులు లేవని రాసి పంపింది. టీ చల్లారకముందే అనుమతి వచ్చేసింది. కాగితం ఫైల్లో పెట్టి పైకి పంపించింది. ఆ నర్సింగ్ హోములో ఓ అలవాటుంది. ఫైలు తెరిస్తే మొదట కనిపించేది నవత కాగితమే. పై అంతస్తులో నర్సులు రోగిని మళ్ళీ విసిగించకుండా జబ్బుల సంగతి అందులోంచే తమ షీట్లోకి ఎక్కించుకుంటారు. పని తేలిక కదా, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నవత ఇంకో కేసు తెరిచి కూర్చుంది. అంతలో బాలమ్మ మందుల కవరు పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చింది. లోపలికి తీసుకుపోయారట, తనను బయటే ఉండమన్నారట. పొద్దున ఆయనకు రక్తం పలచబడే గోలీ వేశాననీ, ఇంకోటి ఇప్పుడు వెయ్యాలో ఆపాలో తెలియడం లేదనీ అంది. పైన నర్సమ్మనే అడగమంది నవత, తల ఎత్తకుండానే.

"అడుగుదామనే పోయిన బిడ్డా. లోపలికి పోయేటప్పుడే మా ఆయన చెయ్యి పట్టి ఆపిండు. ఈ ముచ్చట ఎవరికీ చెప్పొద్దని నువ్వే చెప్పినవంట గద."

నవతకు పై ప్రాణాలు పైనే పోయాయి. తాను చెప్పమన్నది కంపెనీకి. ఆయన డాక్టరుకు కూడా అదే చెబుతాడని ఇన్నాళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు. ఎవరడిగినా అని తనే అంది. ఎవరడిగినా అంటే డాక్టరు కూడా అనే కదా.

అమెరికా కేసుల్లో చదివినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రక్తం గడ్డకట్టని మనిషి కడుపులో లావు సూది దింపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. లోపల కారే రక్తం పైకి కనిపించదు. అలాంటివాటికి కూడా కోడ్‌లున్నాయి, ఆమె వేసింది కూడా. వాటిలో కొన్ని కేసులు తర్వాత పేజీ లేకుండానే ముగిసిపోయేవి.

ఫోన్ తీసి పైకి చేసింది, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు ఇంకో భయం వచ్చింది. ఇప్పుడు పైకి పోయి చెబితే రాసింది ఎవరంటారు, నేర్పింది ఎవరంటారు. ఐజాక్ ఈ కుర్చీలో కూర్చోనిస్తాడా? కంపెనీ ఊరుకుంటుందా? హరికిషన్‌కు ఏమని చెప్పాలి? చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కాగితంలో లేదు, రోగి లేదంటాడు, డాక్టరు నమ్ముతాడు. ఆ కాసేపు నవత కదలకుండా కూర్చునే ఉంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు సిగ్గనిపించింది ఆ కాసేపటికే. అద్దం అవతల బాలమ్మ గోలీ చేతిలో పెట్టుకుని, ఈ పిల్ల ఏం చెబుతుందా అని చూస్తూ నిలబడింది.

నవత లేచి పరుగెత్తింది. లిఫ్ట్‌లో స్ట్రెచర్ ఉంది. మెట్ల మీదుగా ఎక్కింది. వెనక నుంచి ఐజాక్ ఎక్కడికని పిలిచాడు, పలకలేదు. చెప్పులతోనే ప్రొసీజర్ గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.

సదాశివ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కడుపంతా గోధుమరంగు మందు పూశారు. రామభద్రరావు చేతిలో పొడుగాటి సూది ఉంది.

"ఏమ్మా, ఇక్కడికెందుకొచ్చావ్? బయటికెళ్ళు," అన్నాడాయన.

"సార్, ఆయన రక్తం పలచబడే గోలీలు వాడుతున్నడు. గుండెల స్టెంట్ ఉంది."

డాక్టరు నర్సు వైపు చూశాడు. ఆమె షీటు చూపించి, ఏమీ లేవనే ఉందంది. తను స్వయంగా అడిగితే కూడా లేదన్నాడని డాక్టరు చిరాకుపడ్డాడు. అయినా రోగి వైపు తిరిగాడు.

"ఏవండీ, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా?"

సదాశివ నొప్పికి పెదవి కొరుక్కుంటున్నాడు. ముఖమంతా చెమట. కళ్ళు తిప్పి నవతను చూశాడు. గుర్తుపట్టాడు. నేను మాట తప్పను అన్నట్టు చిన్నగా తల ఊపాడు.

"లేదు సారు. నాకే బీమారీ లేదు."

డాక్టరు ఇటు తిరిగి నవతను ఎగాదిగా చూశాడు, మతి గాని పోయిందా అన్నట్టు. సూది పట్టుకున్న చెయ్యి మళ్ళీ కడుపు వైపు కదిలింది. ఆ క్షణాన నవతకు ఉద్యోగం గుర్తులేదు, ఐజాక్ గుర్తులేడు. తన మాటే ఆ ముసలాయన ప్రాణం మీద కూర్చుంది, తను తీస్తే తప్ప అది లేవదు. అంత భయం ఆమె జన్మలో ఎరుగదు. మంచం దగ్గరికి పోయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"సార్, గట్ల చెప్పుమని నేనే నేర్పిన. కాగితంల సుత నేనే రాసిన. పెద్దనాయినా, నిజం చెప్పు."

సదాశివ ఆమె మొహంలోకి చూశాడు. ఆయన కళ్ళలోనూ భయమే.

"చెప్పొచ్చా బిడ్డా? కంపెనోడు ఆపడు గద?"

రామభద్రరావు సూది పళ్ళెంలో పెట్టేశాడు. గొట్టం ఇప్పుడొద్దని, స్కాన్ మిషన్ తెమ్మని, మూత్రం లాగి వదలడానికి అన్నిటికంటే సన్న సూది తియ్యమని నర్సుకు చెప్పి, నవత ఏం జవాబు చెబుతుందా అని తనూ నిలబడ్డాడు.

ఆపడని చెప్పింది నవత. నిజానికి ఆపుతాడో లేదో ఆమెకు తెలియదు.

అప్పుడు సదాశివ డాక్టరుకు అంతా చెప్పాడు. గొంతు బాగా తగ్గించి, కంపెనీ వాళ్ళెవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు చూస్తూ చెప్పాడు.