కొన్న పన్ను, సొంత పన్ను

నా నోట్లో పన్నొకటి చూడడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పంటి డాక్టర్లు ముగ్గురూ ఒక్కచోట కూడారు. హోటల్లో చాయ్ తాగుతూ ఈ మాట చెప్తే అందరూ కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. నిజానికి ఎవరూ కూడలేదు. సూర్యాపేటలో ఒకాయన పన్ను పెట్టాడు, మా మిర్యాలగూడలో ఒకామె చూసింది. కోదాడలో ఉన్నది డాక్టరు కాదు, మా చెల్లెలు. ఆమె ఇంట్లో మటన్ బొక్కల కూర తింటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారింది. స్క్రూ వేసి బిగించిన కొత్త పన్ను ఊడుతదేమోనని మిర్యాలగూడకు తిరుగు బస్సెక్కాను.

డాక్టరమ్మ దగ్గరికి నా భార్య కూడా వచ్చింది. డాక్టరమ్మ సన్నటి కాగితం ముక్కను కొన్న పన్ను పక్కన చిగురు సందులో పెట్టి తీసింది. ఇంకోటి ఆ పక్కనే ఉన్న సొంత పన్ను దగ్గర. ఆ తడిలో ఎంజైమ్ ఎంతుందో చూస్తదట.

"ఎంజైమంటే అన్నం అరిగించేది కదమ్మా? చిగుర్ల దానికేం పని?"

"ఇది వేరే తాతా. చిగురును గట్టిగ పట్టి ఉంచే సన్న పోగులుంటయ్. వాటిని కత్తిరిస్తది. కొంచెముంటే మంచిదే, పాతవి పోతయ్, ఒళ్లు కొత్తవి అల్లుకుంటది. పాచి చేరి వాచిందనుకో, ఇది మితిమీరి కోసుకుంటనే పోతది."

నోరు తెరిచి కూర్చున్నాను. ఎట్లాగూ తెరిచే ఉంది కదా! ఇన్నేళ్లుగా నా నోట్లో కోతా నాటూ రెండూ నడుస్తున్నాయి, నాకు చెప్పిన పాపాన పోలేదు ఎవరూ. మా దిక్కు చిగుళ్లను ఇగుర్లంటాం. చింతచెట్టు లేతాకునూ ఇగురే అంటాం. పెద్దలు ఊరికే పెట్టలేదు ఆ పేరు. మరీ వింతేందంటే, మొన్నొచ్చిన లోహపు మేకును కూడా ఆ ఇగురు కాదనకుండా చుట్టుకుంది.

కొన్న పన్ను దగ్గర ఎంజైమ్ కొద్దిగానే ఉందట. మితిమీరింది సొంత పన్ను దగ్గర. రక్తం కారిందీ అక్కడే.

"పక్కపక్కనే ఉన్నయ్, ఇదెట్ల తాతా?"

చెప్పక తప్పలేదు. కొత్తదానికి రెండు పూటలా మెత్తటి బ్రష్షు. మిగతావాటికి పుక్కిలింతే. దేవుడిచ్చినవి ఎక్కడికి పోతయిలే అనుకున్నాను.

"సుట్టానికి మర్యాద, ఇంట్లోళ్లకు పస్తు" అని నవ్వింది నా భార్య.

ఇంటికి రాగానే పక్కింటాయన ఏమైందని అడిగాడు. "ఏముంది, నా ఇగుర్లు ఇరవై ఏళ్ల పిల్లగాని లెక్క ఉన్నయన్నది" అన్నాను.

లోపల్నుంచి నా భార్య అరిచింది: "గట్లెప్పుడన్నది? గిట్లనే ఉంటే సొంత పన్ను ఊడుతదన్నది!"