జింజ్‌లో రోమా ఇటుకలు

మంచుకు వేళ్ళు రాలిపోకుండా, ఎడారిలో నాలుక ఎండిపోకుండా నన్ను నడిపించిన దేవునికే స్తోత్రం, మహిమ.

తొంభైల మధ్యలో బహ్రెయిన్‌లో దిగాను. అప్పటికే సైన్యంలో ఇంజనీర్ల రెజిమెంటు నుంచి హవల్దారుగా రిటైరయ్యాను. పోస్టు: జింజ్ పేటలో కడుతున్న ఒక విల్లా గేటు. కిట్: లాఠీ, టార్చి, వాకీటాకీ. ఆగస్టు నెల. గాలి నిండా ఉప్పుతేమ. పొద్దున ఆరింటికే చొక్కా ఒంటికి అంటుకునేది.

స్నానాల గది గోడకని యజమాని విదేశం నుంచి పాత ఇటుకలు తెప్పించాడు. పలకల్లా పలుచన. ఒక్కోదాని మీద ఒక ముద్ర.

"రోమా సైనికులు సొంత బట్టీల్లో కాల్చుకున్నవి. ముద్ర వాళ్ళ పటాలానిది," అన్నాడు సైటు ఇంజనీరు.

గోదావరి మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. శుక్రవారం తుబ్లీలో జరిగే మా తెలుగు క్రైస్తవ సహవాసంలో నా పక్కనే కూర్చునే మనిషి.

"ప్రభువుకి మేకులు కొట్టినోళ్ళ ఇటుకలండి. నేను ముట్టనండి."

ఫోర్‌మన్ హైదరాబాదీ. "ఏం మేస్త్రీ, ఇటుకలకు గూడ మతముంటదా? యల్లా, పని షురూ చెయ్. లేకుంటే ఇంటికి టికెట్ చేతుల వెడ్త, ఖలాస్!"

తుఫానుకు కూలిన ఇల్లు మళ్ళీ లేపుకోవడానికే వచ్చాడు మేస్త్రి. పంపేస్తే అది లేవదు.

"కపెర్నహూములో ప్రభువు దగ్గరికొచ్చిన శతాధిపతిదీ ఆ రోమా సైన్యమే కదా తమ్ముడూ," అన్నాను. "అతని విశ్వాసాన్ని ప్రభువు మెచ్చుకోలేదా? సైన్యంలో మా కంపెనీలో మేమూ ఇటుకలు కాల్చాం. ఆర్డరొస్తే సిపాయి కాలుస్తాడు. అంతే."

"మీరన్నారు కాబట్టి కడతానండి."

గోడ లేచింది. యజమాని చూడడానికొచ్చాడు. ఒక్క ముద్రా కనబడలేదు. మేస్త్రి అన్నిటినీ లోపలివైపుకు తిప్పి సిమెంటులో పూడ్చేశాడు. యజమాని వాటిని కొన్నదే ముద్రల కోసం.

"ఎందుకిట్ల జేసినవ్‌రా?" అని ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు.

"సిలువేసినోళ్ళ ముద్ర గోడెక్కకూడదండి."

ఉలి పెట్టి ఊడదీస్తే ఇటుకలు ముక్కలయ్యాయి. సాయంత్రం వాకీటాకీలో ఫోర్‌మన్ గొంతు మోగింది.

"హవల్దార్ సాబ్, మేస్త్రిని ఎయిర్‌పోర్టుకు మీరే తీస్కపోండ్రి. నడుమల ఉరుకనియ్యకుండ్రి. ఓవర్."

ఆర్డరు. తీసుకెళ్ళాను. రోమా సిపాయిలు చేసిందీ అదే.

దారిలో మేస్త్రి ఒక్కమాటే అన్నాడు. "మా ఇల్లు పునాది వరకే వచ్చిందండి, అన్నయ్యగారూ."

కాంట్రాక్టు ముగిసి ఇంటికొచ్చాను. పింఛను వస్తోంది. సంఘంలో పెద్దనని ముందు వరుసలో కూర్చోబెడతారు. కళ్ళు మూస్తే ఆ గోడే. ఇటుక ఊడిన చోట, గట్టిపడిన సిమెంటులో, రోమా ముద్ర తిరగబడి స్పష్టంగా దిగివుంది. దాని పక్కన మేస్త్రి నాలుగు వేళ్ళ గుర్తులు. మర్నాడు పైన పాలరాయి అతికించారు.

అతని పేరు ఏలియా. చదువుతున్న సహోదరులారా, ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, ఏలియా పునాది మీద గోడలు లేపు. ఆమేన్.